మన లాడ్జి భవనం, ఈ ఏటి మన పని: 2025–26 వార్షిక నివేదిక

పూజ్యులైన అధ్యక్షులవారికి, కార్యవర్గ సభ్యులకు, సోదరీ సోదరులందరికీ నమస్కారం.

మన ఊరి దివ్యజ్ఞాన సమాజ (థియోసాఫికల్ సొసైటీ) శాఖలో, అంటే మన లాడ్జిలో, నిరుటి సర్వసభ్య సమావేశం నుంచి ఇవాళ్టి దాకా జరిగిన పనిని మీ ముందు పెట్టడం కార్యదర్శిగా నా విధి. సమాజ ఆశయాలు మూడూ మీకు కంఠోపాఠమే కాబట్టి వాటిని మళ్లీ రాయడం లేదు. ఈసారి నివేదికలో సగానికి పైగా భవనం సంగతే ఉంటుంది. మన మందిరం ఎప్పుడు కట్టారని ఎవరైనా అడిగితే ఇన్నాళ్లూ తలా ఒక మాట చెప్పేవాళ్లం. అప్పటి సమాజ అధ్యక్షురాలు అనీ బెసెంట్ అమ్మగారు వచ్చి శంకుస్థాపన చేశారని కొందరు, స్వాతంత్ర్యం వచ్చాక కట్టారని కొందరు. ఈ ఏడు ఆ సంగతి గోడ మీదే దొరికింది. దొరికించుకున్న వాళ్ల కష్టం రికార్డులోకి ఎక్కాలని వివరంగా రాస్తున్నాను. పెద్దలు ఓపిగ్గా వినాలి.

ముందు మామూలు కార్యక్రమాలు. ఆదివారం సాయంత్రం ఐదున్నరకి అధ్యయన సమావేశం ఒక్క వారం కూడా ఆగలేదు. అక్టోబరు వానలకు హాల్లో నీళ్లు కారినప్పుడు రెండు వారాలు వసారాలో బెంచీలు వేసుకుని కూర్చున్నాం. మే 8న సమాజ స్థాపకుల్లో ఒకరైన బ్లావట్‌స్కీ స్మృతిగా తెల్లతామర దినం జరిపి గీతాపఠనం చేశాం. అక్టోబరు 1న అనీ బెసెంట్ జయంతికి రెండు బడుల పిల్లలకు వక్తృత్వ పోటీ పెట్టాం. ఫిబ్రవరి 17న మరో స్థాపకులు ఆల్కాట్ దొరగారి స్మృతిలో, మద్రాసులోని సమాజ కేంద్రం పేరిట అడయార్ దినం జరిగింది. ఆ రోజు అన్నదానం ఖర్చు మొత్తం భరించిన దంపతులు పేరు రాయొద్దని ఒట్టు పెట్టించుకున్నారు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

గ్రంథాలయం చూసే అక్కగారికి మనమంతా రుణపడి ఉన్నాం. నాలుగు బీరువాల పుస్తకాలనూ ఎండలో ఆరబెట్టి, ఒక్కొక్క పేజీ తిప్పి వెండి పురుగులు దులిపి, అరల్లో వేపాకు పరిచి, కొత్త చిట్టా రాసిపెట్టారు. మోకాళ్ల నొప్పితో ఈ పని ఆవిడ ఒక్కరే చేశారు. పత్రికల గదికి రోజూ పొద్దున్నే వచ్చే విశ్రాంత ఉద్యోగులు ఆరుగురున్నారు. వాళ్లు సభ్యులు కాకపోయినా ఊడ్చి, కుండలో నీళ్లు పోసి వెళ్తున్నారు. వాళ్లకి కూడా కృతజ్ఞతలు.

భవనం సంగతికి వస్తాను.

మీకు తెలిసిందే, ఊళ్లో మన మందిరాన్ని లాడ్జి అంటే ఎవరూ గుర్తుపట్టరు. ఆటో ఎక్కి పాముబంగళా అంటే తిన్నగా తెచ్చి దింపుతారు. ముఖద్వారం పైన సున్నంలో చేసిన సమాజ ముద్ర వల్ల ఆ పేరు వచ్చింది. తన తోకను తానే నోట కరుచుకున్న పాము, దాని లోపల ఆరు కోణాల నక్షత్రం, నడుమ ఈజిప్టువాళ్ల అంఖ్ గుర్తు, పైన స్వస్తికం, ఆపైన ఓంకారం. చుట్టూ సత్యాన్ని మించిన ధర్మం లేదనే వాక్యం ఉండాలి, మన దగ్గర అక్షరాలు సగం రాలిపోయాయి. దూరం నుంచి చూసేవాళ్లకి పాము ఒక్కటే కనిపిస్తుంది. ఇంతకీ ఆ ముద్ర అర్థం మన సభ్యుల పిల్లల్లోనే ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

లాడ్జి అనే మాట తెచ్చిపెట్టిన చిక్కు ఇంకొకటి. సమాజం 1875 నవంబరు 17న న్యూయార్కులో పుట్టింది. దాని ఊరి శాఖను లాడ్జి అనడం మన ఆనవాయితీ. ఏడుగురు సభ్యులు కలిసి అడిగితే లాడ్జికి అధికారపత్రం ఇస్తారు. ఇప్పుడు మన ఊళ్లో లాడ్జి అంటే అద్దె గదులే. బస్టాండు దగ్గరలో ఉన్నాం కాబట్టి రాత్రి పదకొండింటికి సంచులతో వచ్చి గేటు కొట్టి, సింగిల్ రూము ఎంత అని అడిగేవాళ్లు ఈ ఏడు కూడా వచ్చారు. ఒక పెళ్లివారైతే వ్యాను దిగి సామాన్లు వసారాలోకి చేర్చేశారు కూడా. కాపలా ఉండే కుర్రవాడు మంచివాడు కాబట్టి వాళ్లకి మంచినీళ్లిచ్చి వేరే చోటు చూపించి పంపాడు. కార్యవర్గం తీర్మానించి ఆగస్టులో బోర్డు మార్చాం. ఇప్పుడు పెద్ద అక్షరాల్లో దివ్యజ్ఞాన సమాజ మందిరం అని, కింద చిన్నగా లాడ్జి అని ఉంది. బోర్డు రాసిన చిత్రకారుడు రంగు డబ్బులు మాత్రమే తీసుకున్నాడు.

ఈ మాట వల్లే పన్ను గొడవ కూడా వచ్చింది. ఆస్తి పన్ను నోటీసులో మన భవనాన్ని వసతి గృహం కింద, అంటే వ్యాపారం కింద కట్టారు. పేరులో లాడ్జి అని ఉందట, అదే కారణం. దస్తావేజు నకలు, సంఘం రిజిస్ట్రేషను కాగితం, లోపలి ఫొటోలు అన్నీ జతచేసి అర్జీ ఇచ్చాం. ఆ కార్యాలయం పేరు రాయను. నేనూ, ఉపాధ్యక్షులవారూ కాళ్లరిగేలా ఐదుసార్లు తిరిగాం. మొదటిసారి సంబంధించిన సీటు ఖాళీ. రెండోసారి సీట్లో మనిషి ఉన్నారు, ఫైలు లేదు. మూడోసారి ఫైలు దొరికింది, మనిషి బదిలీ అయ్యారు. మిగతా రెండుసార్లూ వచ్చే వారం రమ్మన్నారు. ఒక్క మనిషి ఒక్క పూట వచ్చి హాల్లో మంచాలున్నాయో పుస్తకాలున్నాయో చూసిపోతే తేలే పని ఇది. డెబ్బై నాలుగేళ్ల ఉపాధ్యక్షులవారిని మెట్ల మీద గంటలకొద్దీ నిలబెట్టడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది. అర్జీ నడుస్తోంది, వదిలిపెట్టేది లేదు.

మరమ్మతు పని జూలైలో మొదలుపెట్టాం. మన హాలు పైకప్పు పాత మద్రాసు టెర్రస్ పద్ధతి. టేకు దూలాలు, వాటి మీద వాసాలు, వాసాల మీద సున్నంలో నిలువుగా పేర్చిన సన్న ఇటుక, ఆ పైన ఇటుకముక్కలూ సున్నమూ కలిపి దిమ్మెస కొట్టిన కాంక్రీటు. కట్టినవాళ్లు గట్టిగానే కట్టారు. చెడింది తర్వాత చేసిన పనుల వల్ల. ఇరవై ఏళ్ల కిందట చెమ్మ కనిపించిందని లోపలి గోడలకు సిమెంటు పూశారు, ఆపైన డిస్టెంపరు వేశారు. అప్పటి కార్యవర్గం మంచి ఉద్దేశంతోనే చేసింది, తప్పుపట్టడం లేదు. కానీ గోడలో నీరు బయటికి పోయే దారి లేక లోలోపలే ఊరింది. నేల నుంచి నడుము ఎత్తు దాకా గోడలు ఉప్పు పట్టి, చెయ్యి పెడితే పిండిలా రాలాయి.

మదనపల్లె వైపు నుంచి ఒక ముసలి మేస్త్రీ దొరకడం మన అదృష్టం. ఆయన వచ్చి గోడ మీద వేలితో కొట్టి చూసి, "సార్, సున్నం గోడకు సిమెంటు పూస్తే ఊపిరాడదు. లోపలే ఉక్కపోసి పెచ్చులూడుతాది. తీసేసి మళ్లా సున్నమే పెట్టాల" అన్నాడు. పొడి సున్నం సంచి తెచ్చి కలిపేస్తే ఒప్పుకోనన్నాడు. పెరట్లో గుంట తవ్వించి సున్నం నానబెట్టాడు. కరక్కాయలు నలగ్గొట్టి బెల్లంతో కలిపి కుండల్లో నానవేశాడు. ఆ నీళ్లతో సున్నమూ ఇసుకా కలిపి మెత్తగా నూరి డంగు పట్టాడు. ఈ లోపు మన సభ్యులు కొందరు నాకు ఫోన్లు చేసి, ఇన్ని రోజులేమిటి, ఇంకొకరైతే నాలుగు రోజుల్లో పూసేసిపోయేవారు కదా అన్నారు. ఆ మాటలు ఫోన్లో చెప్పేకంటే ఒక పూట వచ్చి ఆ కుండల దగ్గర నిలబడి ఉంటే బాగుండేది. పూత పూసిన తర్వాత వానకాలం మొత్తం గడిచింది. తూర్పు గోడ మీద ఎక్కడా మరక లేదు. మీరే చూసుకోవచ్చు.

పాత పూత గీకే పనికి శ్రమదానం పిలిచాం. సంతకాల కాగితం తిప్పితే పద్నాలుగు మంది పేర్లు రాశారు. మొదటి ఆదివారం పొద్దున ఏడింటికి వచ్చింది ముగ్గురు. గ్రంథాలయం అక్కగారు, పాలిటెక్నిక్ చదివే కుర్రవాడు (అతను మన సభ్యుడు కాదు, మా వీధి అబ్బాయి), నేను. రెండో ఆదివారం కూడా ముగ్గురమే. మూడో ఆదివారం కోశాధికారి గారు వాళ్ల అల్లుణ్ణి తీసుకొచ్చారు. మిగతావాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లు, ఊరి ప్రయాణాలు, ఆరోగ్యాలు ఉండొచ్చు, కాదనను. కానీ రాలేమని ఒక్క మాట ముందు చెబితే పనివాళ్లని పిలుచుకునేవాళ్లం. పేరు రాసి మొహం చాటేస్తే ఆ రోజు పని ఆ ముగ్గురి భుజాల మీదే పడుతుంది. ఎవరినీ నొప్పించాలని కాదు, నొప్పి కలిగింది కాబట్టి రాశాను.

అలా గీకుతుండగా ఆగస్టు మొదటి వారంలో ముఖద్వారం తలుపుల పైనున్న రాయి బయటపడింది. అది రాయని కూడా మాకు తెలియదు. సున్నం పొరలు, వాటి మీద పసుపు రంగు, దాని మీద నీలం ఆయిలు పెయింటు పడి గోడలో కలిసిపోయింది. ఇనుప పలుగు పెట్టొద్దని మేస్త్రీ చెప్పాడు. వెదురు బద్దతో, తడిగోనెతో, కొబ్బరి పీచుతో రుద్దాం. నాలుగు పూటలు పట్టింది. అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. మొదట కనిపించింది భవ అనే రెండక్షరాలు. దాని తర్వాత నామ సంవత్సరం. ఆ తర్వాత వైశాఖ అని ఉంది. తిథి ఉన్నచోట రాయి పెచ్చు లేచిపోయింది.

భవకు ముందు ఒక్క అక్షరమే ఉండే సంవత్సరాలు అరవైలో రెండే, అదీ పక్కపక్కనే వస్తాయి. ప్రభవ, విభవ. ముందున్న అక్షరం ప్ర అయితే ఒక ఏడు, వి అయితే తర్వాతి ఏడు. ఆ అక్షరం ఉన్నచోట ఎవరో ఎప్పుడో మేకు కొట్టి తోరణం కట్టారు, రాయి చిట్లింది. పగలు ఎంత చూసినా తేలలేదు. పాలిటెక్నిక్ కుర్రవాడు చీకటి పడ్డాక వద్దామన్నాడు. రాయిని తడిగుడ్డతో తుడిచి, దీపాలన్నీ ఆర్పి, సెల్‌ఫోను టార్చిని రాతికి ఆనించి పక్క నుంచి వెలుగు పడేలా పట్టుకున్నాడు. చెక్కిన గీతల్లో నీడ నిలిచింది. అక్షరం కిందనుంచి ఎడమవైపుకి చుట్టుకుంటూ వచ్చిన ర-వత్తు కొస స్పష్టంగా కనిపించింది. అక్కగారు స్టూలెక్కి వేలితో ఆ వంపు మీద రాసి చూసి, "ప్ర, ప్రభవే" అన్నారు. రాత్రి ఎనిమిదిన్నర అయింది. ఆ క్షణం నేను మరిచిపోలేను.

ప్రభవ అరవై ఏళ్లకొకసారి వస్తుంది: 1867, 1927, 1987. 1867 నాటికి సమాజమే పుట్టలేదు. 1987లో ఈ హాల్లో సమావేశాలకు వచ్చినవాళ్లు మనలోనే పదిమంది దాకా ఉన్నారు, అప్పటికే ఇది పాత భవనం. కాబట్టి 1927 వైశాఖం, అంటే వేసవి. 2027 వైశాఖానికి మన భవనానికి నూరేళ్లు నిండుతాయి.

ఇది తేలాక పాత మినిట్స్ పుస్తకం తీసి మళ్లీ మొదటి నుంచి చదివాం. అధికారపత్రం అంతకు చాలా ముందుదే. అప్పట్లో ఏడుగురూ ఒక వకీలుగారి ఇంటి అరుగు మీద కూడేవారు. సంతకాల పక్కన వృత్తులు రాసుకున్నారు: వకీళ్లు ఇద్దరు, తాలూకా కచేరీ ఉద్యోగులు ఇద్దరు, ఒక బడిపంతులు, ఒక వైద్యుడు, ఒక వర్తకుడు. ఆ రోజుల్లో ఏ చిన్న ఊరి లాడ్జి చూసినా ఇలాంటి వాళ్లే కనిపిస్తారు. తర్వాత తత్వవేత్తగా పేరుపొందిన జిడ్డు కృష్ణమూర్తి తండ్రి నారాయణయ్యగారు కూడా రెవెన్యూ ఉద్యోగంలో ఉంటూనే సమాజ సభ్యులయ్యారు. సమాజం మన తెలుగు నేల మీదికి వచ్చిన దారి కూడా చెప్పుకోదగ్గది. 1882 వేసవిలో బ్లావట్‌స్కీ, ఆల్కాట్ ఇద్దరూ మద్రాసు నుంచి బకింగ్‌హాం కాలువలో పడవ మీద నెల్లూరు వైపు వచ్చారు. ఆ తర్వాత పల్లకీల్లో గుంటూరు దాకా వెళ్లారు. అదే ఏడాది చివర సమాజ కేంద్రం అడయారుకు మారింది. మన ఊరికి అంత పెద్దవాళ్లు ఎవరూ రాలేదు. అయినా మదనపల్లెలో 1895లో కృష్ణమూర్తి పుట్టారు, 1915లో బెసెంట్ దివ్యజ్ఞాన కళాశాల వెలిసింది. ఆ గాలి మన ఊరి దాకా వీచింది.

బెసెంట్ అమ్మగారు శంకుస్థాపన చేశారన్న మాటకు మాత్రం మినిట్స్‌లో ఎక్కడా ఆధారం లేదు. ఆవిడ వచ్చి ఉంటే ఆ ఏడుగురూ రాయకుండా ఉండేవారు కాదు. ఇకపై మన కరపత్రాల్లో ఆ వాక్యం వేయవద్దని కార్యవర్గం తీర్మానించింది. కొందరికి బాధగా ఉంది. నాకూ ఉంది, చిన్నప్పుడు మా నాన్నగారు నాకు అలాగే చెప్పారు.

రెండో సంగతి హాలు లోపలి తలుపు మీద దొరికింది. అక్కడ గవాక్షం ఉండాల్సిన చోట గుండ్రంగా పూడ్చేసిన గుర్తు ఉంది. పైపూత తీస్తే లోపల ఐదు కోణాల నక్షత్రం. రెండు కోణాల్లో సున్నం ఇంకా గట్టిగా బిగిసి ఉంది, మూడింటిలోది ఊడి వచ్చేసింది. మన ముద్రలోని నక్షత్రానికి ఆరు కోణాలు. మరి ఈ ఐదు కోణాలది ఎక్కడిది?

పెద్దలకి వెంటనే గుర్తొచ్చింది. సమాజ నాయకుల్లో ఒకరైన లెడ్‌బీటర్ 1909లో అడయారు సముద్రపొడ్డున కృష్ణమూర్తిని చూసి, రాబోయే జగద్గురువు ఈ బాలుడిలో వ్యక్తమవుతాడని నమ్మారు. బెసెంట్ అమ్మగారు ఆ బాలుడిని పెంచారు. 1911లో ఆయన చుట్టూ ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్ అనే సంఘం ఏర్పడింది, ఆ సభ్యుల గుర్తు ఐదు కోణాల వెండి నక్షత్రం. ఊరూరా మన లాడ్జీల సభ్యులు చాలామంది అందులో చేరారు. 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఒమ్మెన్ శిబిరంలో, బెసెంట్ అమ్మగారు ఎదురుగా ఉండగా, మూడు వేల మంది ముందు కృష్ణమూర్తి లేచి, సత్యాన్ని చేరడానికి ఏర్పరచిన దారంటూ లేదని, ఏ సంస్థా మనిషిని అక్కడికి తీసుకెళ్లలేదని చెప్పి ఆ సంఘాన్ని రద్దు చేశారు. అప్పటికి మన భవనం కట్టి రెండేళ్లే.

అంటే ఎంతో ఆశతో నక్షత్రం పెట్టినవాళ్లే, బహుశా అదే చేతులతో, దాన్ని పూడ్చేశారని నేను అనుకుంటున్నాను. ఇది నా అభిప్రాయం. కట్టుబడి మేస్త్రీ అందం కోసం పెట్టి ఉండొచ్చు, గాలివానకు పూడ్చి ఉండొచ్చు అని ఉపాధ్యక్షులవారు అన్నారు, ఆ మాట కూడా రికార్డు చేస్తున్నాను. 1929 పేజీల్లో నక్షత్రం గురించి ఏమీ లేదు. ఆ ఆగస్టు తర్వాత నాలుగు సమావేశాలకు హాజరు కాలమ్‌లో పేర్లు లేవు, తేదీలు మాత్రం ఉన్నాయి. మళ్లీ సంక్రాంతి తర్వాత ఐదుగురి సంతకాలు కనిపిస్తాయి. ఆ ఖాళీ గడులు చూసి అక్కగారు కళ్లు తుడుచుకున్నారు.

నక్షత్రాన్ని ఏం చెయ్యాలన్నది సెప్టెంబరు కార్యవర్గంలో రెండు గంటలు నడిచింది. కృష్ణమూర్తిగారే వద్దన్నదాన్ని మనం మళ్లీ పైకి తేవడం ఆయన మాటను కాదనడమేనని మన పెద్దాయన వాదించారు. ఊళ్లోకెల్లా పాత సభ్యులాయన, ఆయన మాట తేలిగ్గా తీసెయ్యలేం. అక్కగారు 1980 సంగతి గుర్తుచేశారు. సమాజంతో తెగిపోయి సుమారు నలభై ఏడేళ్లు అడయారు ఆవరణలో అడుగుపెట్టని కృష్ణమూర్తి, ఆ ఏడాది అప్పటి సమాజ అధ్యక్షురాలు రాధా బర్నియర్ పిలిస్తే వచ్చి లోపల నడిచారు. ఆయనే అంత దూరం నడిచి వచ్చినప్పుడు మన తలుపు మీద గుర్తుకు భయమేమిటని అడిగారు. చివరికి అందరూ ఒప్పుకున్నదేమిటంటే, ఊడిన మూడు కోణాలను తెరిచే ఉంచుతాం, బిగిసిన రెండింటిని గీకం. రంగు వెయ్యం. ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. సాయంత్రం ఐదున్నరకి, మన సమావేశం మొదలయ్యే వేళకి, ఆ మూడు కోణాల్లోంచి వెలుతురు వచ్చి అధ్యక్షుల బల్ల మీద పడుతోంది.

ఈ ఏడాది మనం గర్వపడాల్సిన రోజు నవంబరు 17. సమాజానికి నూట యాభై ఏళ్లు నిండిన రోజు. లోకమంతా ఎవరి స్థాయిలో వాళ్లు జరుపుకున్నారు, మనం మన స్థాయిలో జరుపుకున్నాం. రాతి మీది అక్షరాల అచ్చును తెల్ల కాగితం మీద బొగ్గుతో తీసి, అట్టకు అంటించి హాల్లో పెట్టాం. మినిట్స్ పుస్తకం మొదటి పేజీ, పాత తాళం, దూలం నుంచి కోసిన ముక్క, డంగు సున్నం ముద్ద అన్నీ బల్ల మీద పరిచాం. ఊరివాళ్లు పాముబంగళాలో ఏముందో చూద్దామని వచ్చారు. గేటు బయటి నుంచి తప్ప ఎప్పుడూ చూడలేదన్నవాళ్లు ఎంతోమంది. మధ్యాహ్నానికి చెప్పులు వసారా నిండి మెట్ల కింద దాకా వచ్చాయి.

బడిపిల్లలు జనగణమన ఐదు చరణాలూ పాడారు. 1919లో రవీంద్రులు మదనపల్లె కళాశాలలో ఉన్నప్పుడే ఆ గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చారు, అక్కడి ప్రిన్సిపాలు భార్య మార్గరెట్ కజిన్స్ దాని బాణీకి స్వరాలు రాశారు. మన సమాజం వాళ్లు పెట్టిన కళాశాలలో జరిగిన ఆ సంగతిని సంగీతం టీచరమ్మ పిల్లలకు కథలా చెప్పి, మూడు వారాలు రోజూ బడి వదిలాక సాధన చేయించారు. ఆవిడ మన సభ్యురాలు కాదు. ఐదో చరణం దగ్గర ఒక చిన్న పాప మాట మరిచిపోయి ఆగితే ముందు వరసలో కూర్చున్న పెద్దాయన అందించారు. ఆయనకు ఆ చరణం ఎలా వచ్చని అడిగితే, చిన్నప్పుడు ఈ హాల్లోనే నేర్చుకున్నానన్నారు. ఇలాంటివి రాసిపెట్టుకోకపోతే మనతోనే పోతాయి. అందుకే ఆయన జ్ఞాపకాలను ఆ కుర్రవాడి చేత ఫోనులో రికార్డు చేయించడం మొదలుపెట్టాం. ఇప్పటికి మూడు సాయంత్రాలు అయ్యాయి.

ఆ రోజు పులిహోర, చక్కెర పొంగలి వండిన మహిళా సభ్యులకు, షామియానా ఉచితంగా వేసినవారికి, కుర్చీలిచ్చిన పక్క కల్యాణమండపం వారికి, మైకు సెట్టు కుర్రవాళ్లకు, ఫొటోలు తీసినవారికి, పూలు తెచ్చినవారికి, ముందు రోజు రాత్రి రెండింటి దాకా మేలుకుని బొగ్గు అచ్చు తీసిన ముగ్గురికి పేరుపేరునా ధన్యవాదాలు. అందరి పేర్లూ నోటీసు బోర్డులో పెట్టాం. ఇక్కడ రాయబోతే ఎవరో ఒకరు తప్పిపోయి మనసు కష్టపెట్టుకుంటారు. మేస్త్రీకి ఆ రోజు అధ్యక్షులవారు శాలువా కప్పారు. ఆయన దాన్ని మడిచి చంకలో పెట్టుకుని, పడమటి గోడ పూత ఆరిందో లేదో చూసుకోవడానికి వెళ్లిపోయాడు.

లెక్కలు. కోశాధికారి గారు జమాఖర్చుల పట్టిక విడిగా పంచారు, ఆడిటరుగారి సంతకం అయింది. విరాళాలు వచ్చాయి, సున్నానికీ టేకుకీ పోయాయి, కొంచెం అప్పు మిగిలింది. ఆ అప్పు కార్యవర్గ సభ్యులు చేబదులుగా ఇచ్చిందే, వడ్డీ లేదు. సభ్యత్వ రుసుము సగానికి పైగా బాకీ ఉంది. సందేహాలుంటే సమావేశం అయ్యాక ఆయన్ని అడగవచ్చు.

ఇక ముందున్న పని. హాలు పైకప్పులో ఉత్తరం వైపు రెండో దూలం కొస చెదపట్టింది. ప్రస్తుతం కింద రెండు సరుగుడు కర్రలు పోటు పెట్టి నిలబెట్టాం. అక్టోబరు వానకు కారింది అక్కడే. ఈ వానాకాలం లోపు మార్చాలి, దానికి తగిన పాత టేకు దూలం పడగొడుతున్న ఒక ఇంట్లో దొరుకుతుందని మేస్త్రీ చెప్పాడు. ఇంటివాళ్లతో మాట్లాడటానికి ఇద్దరు కావాలి. మినిట్స్ పుస్తకాల పేజీలు పొడిబారి విరుగుతున్నాయి, అన్నిటినీ ఫొటోలు తీయాలి. పన్ను అర్జీ కోసం నాతో పాటు ఆఫీసుకు రాగలిగిన పడుచువాళ్లు ఒకరు కావాలి, ఉపాధ్యక్షులవారిని ఇక మెట్లెక్కించలేను. 2027 వైశాఖానికి భవనం నూరేళ్ల పండుగ జరపాలంటే ఉపసంఘం ఇవాళే వెయ్యాలి. ఏడుగురు పేరిస్తే చాలు. రాసినవాళ్లు దయచేసి రండి.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి ఉత్తరం గోడ పూత గీకడం మొదలవుతుంది. తాళంచెవి అక్కగారి ఇంట్లో ఉంటుంది. మందిరం నిచ్చెన మెట్టు విరిగింది, ఇంట్లో నిచ్చెన ఉన్నవాళ్లు ఒక పూటకు తెచ్చిపెట్టగలరు.

ఈ నివేదికను ఆమోదించవలసిందిగా సభను కోరుతూ,

ఇట్లు,
కార్యదర్శి